సిజేరియన్ వేళ వికారం, వాంతులు: వెన్నుమత్తులో నివారణమార్గాలు – వరంగల్ ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వెన్నుమత్తు ఇచ్చి చేసే సిజేరియన్ శస్త్రచికిత్సలో తల్లికి వికారం, వాంతులు కలగడం సర్వసాధారణం. దీనిని పైత్యంగానో, భయంగానో, కడుపులో మిగిలిన ఆహారం వల్ల వచ్చిన బాధగానో భావించి తేలికగా తీసుకోవడం కద్దు. అయితే మత్తు ఇచ్చిన తొలి నిమిషాలలో కలిగే వికారం చాలా సందర్భాలలో రక్తపోటు పడిపోతున్నదనడానికి సూచన. అందువల్ల నివారణ వాంతి నిరోధక మందుతో గాక రక్తపోటును నిలపడంతో ఆరంభం కావాలి. శస్త్రచికిత్సకు ముందు పాటించే ఉపవాసం మొదలుకొని వార్డులో బాలింతకు తొలి గుక్క నీరు ఇచ్చేవరకు ఈ నివారణ ఏయే దశలలో సాధ్యమో వరంగల్ ప్రాంత పరిస్థితుల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సిజేరియన్, వెన్నుమత్తు, వికారం, రక్తపోటు, ఫినైలెఫ్రిన్, ఆక్సిటోసిన్, ఒండాన్‌సెట్రాన్, బాలింత, వరంగల్.

1. ఉపోద్ఘాతం:

సిజేరియన్ బల్లమీద పడుకున్న తల్లి మెలకువతోనే ఉంటుంది. నడుములోకి మత్తుమందు ఎక్కించిన రెండు మూడు నిమిషాలకు ఆమె కాళ్ళు వెచ్చబడి, బరువెక్కి, స్వాధీనం తప్పుతాయి. మత్తు పొట్ట మీదుగా ఛాతీ వరకు పాకుతుంది. సరిగ్గా ఆ సమయంలో వరంగల్ పరిసరాల తల్లుల నోట వచ్చే మాట ఒకటుంది: "కడుపుల తిప్పుతాంది సారూ." కొందరు "కండ్లకు చీకట్లు వస్తున్నయ్" అని కూడా అంటారు. ఆ మాట విన్న వెంటనే తలగడ పక్కన ట్రే పెట్టి, "ఏం కాదమ్మా, లోతుగా ఊపిరి పీల్చు" అని ధైర్యం చెప్పడం శస్త్రచికిత్సాగారాలలో పరిపాటి. ధైర్యం చెప్పడంలో తప్పు లేదు. అయితే అంతకంటే ముందు చూడవలసింది రక్తపోటు.

ఈ విషయానికి తెలంగాణలో ఉన్న ప్రాధాన్యం గణాంకాలను చూస్తే తెలుస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019–21) ప్రకారం సర్వేకు ముందు ఐదేళ్ళలో రాష్ట్రంలో జరిగిన ప్రసవాలలో 60.7 శాతం సిజేరియన్లు. దేశపు సగటు 21.5 శాతం మాత్రమే. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ సంఖ్య 44.5 శాతం కాగా ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం. ఇన్ని శస్త్రచికిత్సలు అవసరమా అన్నది వేరే చర్చ, అది జరగవలసిన చర్చే. అయితే ప్రతి పదిమంది తల్లులలో ఆరుగురు ఈ బల్లమీదికి చేరుతున్న చోట వికారం ఒక చిన్న అసౌకర్యంగా మిగలదు, ప్రజారోగ్య విషయమవుతుంది.

వరంగల్ ఉత్తర తెలంగాణకు వైద్యకేంద్రం. 1959లో ఏర్పడిన కాకతీయ వైద్యకళాశాల, మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, హనుమకొండలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, వరంగల్‌లోని చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆసుపత్రి – వీటికి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ ప్రాంతాల నుండి గర్భిణులు వస్తారు. ఏటూరునాగారం వంటి చోటినుండి సుమారు వంద కిలోమీటర్లు 108 వాహనంలో ప్రయాణించి వచ్చిన గర్భిణికి, ముందే తేదీ నిర్ణయించుకుని నగరంలో చేరిన గర్భిణికి మత్తు ఒకటే కావచ్చు. వారి శరీరస్థితి ఒకటి కాదు. ఈ భేదాన్ని గుర్తుంచుకుని మిగిలిన విషయాలను పరిశీలించవలసి ఉంది.

2. వెన్నుమత్తు, వాంతి – తొలినాటి సాహచర్యం:

వెన్నుమత్తుకు, వాంతికి గల సంబంధం ఆ పద్ధతి పుట్టిన రోజు నుండే ఉంది. 1898 ఆగస్టులో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీయర్ తొలిసారి వెన్నులోకి కొకెయిన్ ఎక్కించి శస్త్రచికిత్స జరిపాడు. ఆ తొలి రోగికే కొన్ని గంటల తరువాత తీవ్రమైన తలనొప్పి, వాంతి వచ్చాయి. బీయర్ ఆ తరువాత తనమీద, తన సహాయకునిమీద కూడా ఈ ప్రయోగం చేసుకున్నాడు. ఇద్దరూ తలనొప్పితో బాధపడ్డారు.

అంతకుముందే హైదరాబాదు సంస్థానం మత్తువైద్య చరిత్రలోకి ప్రవేశించింది. క్లోరోఫారం భద్రతను తేల్చడానికి ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లోను, 1889లోను హైదరాబాదులో జరిగిన పరిశోధనలు ప్రపంచవ్యాప్తంగా చర్చనీయమయ్యాయి. అదే వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా గుర్తింపు పొందారు. ఆనాడు వరంగల్ ఆ సంస్థానంలోని సుబా కేంద్రం. క్లోరోఫారం మత్తులో తల్లికి స్పృహ ఉండదు గనుక వాంతి వస్తే అది ఊపిరితిత్తులలోకి జారే ప్రమాదం ఎక్కువ. అమెరికన్ వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ 1946లో ప్రకటించిన పరిశీలనలో 44,016 ప్రసవాలలో 66 మంది తల్లులకు ఇలా కడుపులోని పదార్థం ఊపిరితిత్తులలో చేరినట్టు తేలింది. సిజేరియన్‌కు పూర్తి మత్తుకు బదులు వెన్నుమత్తు ప్రాచుర్యం పొందడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది. మెలకువగా ఉన్న తల్లి దగ్గగలదు, తల పక్కకు తిప్పగలదు. వాంతివల్ల ప్రాణాపాయం ఈ విధంగా తగ్గింది. బాధ మాత్రం మిగిలింది.

3. వికారం ఎందుకు కలుగుతుంది?

రక్తనాళాలు తగినంత బిగువుతో ఉండడానికి సింపథెటిక్ నాడులు కారణం. ఇవి వెన్నుపాములో ఛాతీభాగం నుండి నడుము పైభాగం వరకు గల మట్టాలలో బయలుదేరుతాయి. సిజేరియన్‌కు మత్తు రొమ్ముల మట్టం వరకు ఎక్కాలి, లేకపోతే కడుపులోపలి పొర లాగినప్పుడు తల్లికి నొప్పి తెలుస్తుంది. అంత ఎత్తుకు ఎక్కిన మత్తు నొప్పిని మోసే నాడులతోపాటు ఈ నాడులను కూడా స్తంభింపజేస్తుంది. కాళ్ళలోని, పొట్టలోని రక్తనాళాలు సడలి రక్తం అక్కడే నిలిచిపోతుంది. పాకాల చెరువు తూములన్నీ ఒక్కసారి ఎత్తితే కట్టదగ్గర నీటిమట్టం దిగిపోయినట్టు గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గుతుంది. దీనికి తోడు నిండుగర్భం బరువు, వెల్లకిల పడుకున్న తల్లి వెన్నెముక పక్కన సాగే పెద్ద సిరను నొక్కివేస్తుంది. ముందుజాగ్రత్తలు లేనప్పుడు సిజేరియన్‌లో అత్యధికులకు రక్తపోటు పడిపోవడానికి ఇదే కారణం.

పడిపోయిన రక్తపోటు రెండు మార్గాలలో వాంతికి దారితీస్తుంది. మెదడు కాండంలోని వాంతికేంద్రానికి రక్తం తగ్గడం మొదటిది. పేగులకు రక్తం తగ్గి అక్కడి కణాలనుండి సెరొటోనిన్ విడుదల కావడం రెండవది. ఆ సెరొటోనిన్ వేగస్ నాడి చివళ్ళను ప్రేరేపించి మెదడుకు వార్త చేరవేస్తుంది. సింపథెటిక్ నాడులు మూగబోయినప్పుడు వేగస్ నాడికి ఎదురు ఉండదు. పేగుల కదలిక పెరుగుతుంది, గుండెవేగం తగ్గుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మాంశం గమనార్హం. చేతికి కట్టిన పట్టీ రక్తపోటును నిర్ణీత వ్యవధిలో మాత్రమే కొలుస్తుంది. మూడు నిమిషాలకొకసారి కొలిచేట్టు అమర్చితే, ఆ నడుమ పడిపోయిన రక్తపోటు తెరమీద కనబడేలోపే తల్లి "కడుపుల తిప్పుతాంది" అంటుంది. ఆమె మాట యంత్రం కంటే ముందు పలికిన కొలత. అందుకే వెన్నుమత్తు ఇచ్చిన తరువాత శిశువు బయటికి వచ్చేవరకు నిమిషానికొకసారి రక్తపోటు చూడడం మంచి పద్ధతి. తల్లి ఆ మాట అన్నప్పుడు తదుపరి కొలతకోసం వేచి ఉండకుండా వెంటనే మీట నొక్కి కొలవడం అంతకంటే మంచిది.

ఈ సందర్భంలో తల్లి ఒక్కర్తే కాదు. మాయకు చేరే రక్తం తల్లి రక్తపోటుమీద నేరుగా ఆధారపడి ఉంటుంది. మెదడుకు ఉన్నట్టుగా దానికి తన ప్రవాహాన్ని తానే సర్దుకునే శక్తి తక్కువ. తల్లికి కళ్ళు చీకట్లు కమ్ముతున్న ఆ నిమిషాలలో శిశువుకు అందే ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. వికారాన్ని నివారించే ప్రయత్నం శిశువును కాపాడే ప్రయత్నం కూడా కావడం ఈ కారణంచేతనే.

4. ఉపవాసం, ముహూర్తం:

నివారణ శస్త్రచికిత్సాగారంలో కాక ముందురోజు రాత్రి మొదలవుతుంది. "రాత్రి పన్నెండు తరువాత మంచినీళ్ళు కూడా ముట్టవద్దు" అన్న సూచన తరతరాలుగా వస్తున్నది. ఇప్పటి మార్గదర్శకాలు దీనిని సమర్థించవు. ముందే నిర్ణయమైన సిజేరియన్‌కు, ఇతర చిక్కులు లేని గర్భిణి, మత్తుకు 2 గంటల ముందువరకు నీరు, గుజ్జులేని పళ్ళరసం, పాలు కలపని టీ వంటివి తీసుకోవచ్చు. తేలికపాటి ఆహారానికి 6 గంటలు, నూనె, మాంసం గల భోజనానికి 8 గంటలు వ్యవధి ఉండాలి. పాలు గాని, పాలు కలిపిన టీ గాని ఇక్కడ ఆహారం కిందికే వస్తాయి. ఇంటివారు పొరబడేది సాధారణంగా ఈ చివరి విషయంలోనే.

తెలంగాణలో ముహూర్తం చూసి సిజేరియన్ చేయించుకునే అలవాటు పలుమార్లు బహిరంగచర్చకు వచ్చింది. దాని మంచిచెడ్డలు ఎలా ఉన్నా ఉపవాసంతో దానికి గల సంబంధాన్ని ఎవరూ అంతగా పట్టించుకున్నట్టు కనబడదు. పురోహితుడు చెప్పిన ఘడియ పగలు పదకొండున్నరకు పడితే, రాత్రి ఎనిమిదికి తిని పడుకున్న గర్భిణి పదిహేను గంటలకు పైగా ఏమీ తాగకుండా బల్లమీదికి వస్తుంది. శరీరంలో ద్రవం తగ్గిన మనిషికి వెన్నుమత్తు ఇస్తే రక్తపోటు మరింత త్వరగా పడిపోతుంది. ముహూర్తాన్ని మార్చలేని ఇంట నీళ్ళు తాగే గడువునైనా ఆ ముహూర్తం ప్రకారం లెక్కగట్టి కాగితంమీద రాసి ఇవ్వవచ్చు.

నొప్పులతో హఠాత్తుగా వచ్చిన గర్భిణి సంగతి వేరు. ఆమె బయలుదేరేముందు అన్నం తిని ఉండవచ్చు, దారిలో టీ తాగి ఉండవచ్చు. నొప్పులు మొదలయ్యాక కడుపు ఖాళీ కావడం మందగిస్తుంది. ఇటువంటివారికి కడుపులోని ఆమ్లాన్ని తగ్గించే మందు, మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. ముందుగా ఇవ్వడం ఆచారంలో ఉంది. వాంతి రాదన్న హామీ వీటివల్ల లభించదు. వచ్చినా ఊపిరితిత్తులకు జరిగే హాని తగ్గుతుందన్నదే వాటి ప్రయోజనం.

5. రక్తపోటును నిలపడం:

వ్యాసవిషయంలో ఇది కీలకభాగం. సిజేరియన్‌లో వెన్నుమత్తు వల్ల పడిపోయే రక్తపోటు గురించి 2018లో 'అనస్థీషియా' పత్రికలో వెలువడిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ ప్రకటన, పై రక్తపోటును మత్తుకు ముందున్న విలువలో 90 శాతానికి తగ్గకుండా చూడాలని, 80 శాతానికి దిగువకు ఎట్టి పరిస్థితిలోను పోనివ్వరాదని సూచించింది. మొదట 120 ఉన్న తల్లికి 108 కింద దిగితేనే మందు ఆలోచించాలి, 96 చేరేవరకు చూస్తూ ఊరుకోరాదు. 90 చేరితే గాని స్పందించని పాత అలవాటుకు, దీనికి మధ్యనున్న తేడాలోనే చాలామంది తల్లుల వాంతి ఉంది.

ఫినైలెఫ్రిన్ ఇందుకు మొదటి ఎన్నిక. వెన్నుమత్తు ఇచ్చిన వెంటనే, రక్తపోటు పడకముందే, నిమిషానికి 25 నుండి 50 మైక్రోగ్రాముల చొప్పున ఎక్కించడం ఆ ప్రకటన చెప్పిన పద్ధతి. 10 మి.గ్రా. మందును 100 మి.లీ. సెలైన్‌లో కలిపితే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు అవుతుంది. అంటే గంటకు 15 నుండి 30 మి.లీ. వేగం సరిపోతుంది. ఇన్‌ఫ్యూజన్ పంపు లేని చోట 50 నుండి 100 మైక్రోగ్రాముల చిన్న మోతాదులను సిరంజితో ఇవ్వవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మందు ఆంపూల్‌లో 10 మి.గ్రా. ఉంటుంది, తల్లికి ఒకసారికి కావలసింది అందులో నూరోవంతు. పలుచన చేయని మందు పొరపాటున ఎక్కితే ప్రాణంమీదికి వస్తుంది. పలుచన చేసినవారే సిరంజిమీద మందుపేరు, గాఢత రాసి అంటించడం తప్పనిసరి. ఈ మందువల్ల గుండెవేగం తగ్గవచ్చు గనుక, మరీ తగ్గితే అట్రోపిన్ అందుబాటులో ఉండాలి.

భారతదేశంలో మెఫెంటెర్మిన్ ఎక్కువ వాడుకలో ఉంది. అది చవక, సుపరిచితం, గుండెవేగాన్ని తగ్గించదు. ఎఫెడ్రిన్ మాదిరిగా ఇది పరోక్షంగా పనిచేసే మందు. ఎఫెడ్రిన్ మాయను దాటి శిశువు రక్తంలో ఆమ్లతను పెంచుతుందని, వికారాన్ని ఆపడంలో ఫినైలెఫ్రిన్‌కు సాటి రాదని పరిశోధనలు తెలిపాయి. పంపుగాని, ఫినైలెఫ్రిన్‌గాని లేని చిన్న ఆసుపత్రిలో మెఫెంటెర్మిన్ వాడడం తప్పు కాదు. చేతిలో సిద్ధంగా ఉన్న రెండవ ఎన్నిక మందు, బీరువాలో ఉన్న మొదటి ఎన్నిక కంటే మేలు. దానిని 3 నుండి 6 మి.గ్రా. చొప్పున సకాలంలో ఇవ్వడమే ముఖ్యం. 2015లో హాంకాంగ్‌లో జరిగిన పరిశోధన తరువాత నార్‌అడ్రినలిన్ కూడా పలుచని గాఢతలో వాడుకలోకి వస్తున్నది.

సెలైన్ విషయంలో కొంత అపోహ ఉంది. మత్తుకు అరగంట ముందు ఒక సీసా ఎక్కించి నిశ్చింతగా ఉండడం వల్ల లాభం స్వల్పం, ఆ ద్రవం త్వరగా రక్తనాళాలను విడిచిపోతుంది. మత్తు ఎక్కే సమయానికే వేగంగా ఎక్కించడం మెరుగు. ఏదైనప్పటికీ ద్రవం ఒక్కటే సరిపోదు. కుడి తుంటి కింద మడిచిన దుప్పటి పెట్టి గర్భాన్ని ఎడమవైపుకు వాల్చడానికి ఖర్చు లేదు, ఎవరైనా చేయవచ్చు. హడావిడిలో మొదట మరచిపోయేదీ అదే.

మత్తుమందు మోతాదు కూడా ఇక్కడే ప్రస్తావించాలి. బరువైన బుపివకెయిన్ మోతాదు పెరిగినకొద్దీ రక్తపోటు పడడం ఎక్కువవుతుంది. దానికి 10 నుండి 20 మైక్రోగ్రాముల ఫెంటానిల్ కలిపితే బుపివకెయిన్ మోతాదును కొంత తగ్గించవచ్చు. పైగా గర్భాశయాన్ని లాగినప్పుడు కలిగే లోపలినొప్పి, దానివెంట వచ్చే వికారం తగ్గుతాయి. నల్లమందు జాతికి చెందిన మందు వాంతిని తగ్గించడం వింతగా తోచవచ్చు. అది తక్కువ మోతాదులో వెన్నులోకి ఇచ్చినప్పుడు నొప్పి తగ్గడం వల్ల కలిగే లాభమే పైచేయి అవుతుంది.

గర్భవాతం, అంటే గర్భిణీదశలో అధిక రక్తపోటు ఉన్న తల్లులలో పతనం తక్కువగా ఉంటుంది. వారికి ఈ మందుల మోతాదు తగ్గించి, జాగ్రత్తగా ఇవ్వాలి.

6. శిశువు బయటికి వచ్చిన తరువాత:

రక్తపోటు నిలకడగా ఉన్నా శిశువు బయటికి వచ్చిన మరునిమిషంలో వికారం మళ్ళీ రావచ్చు. ఇప్పటి కారణం వేరు. గర్భాశయం గట్టిపడడానికి ఇచ్చే ఆక్సిటోసిన్‌ను ఒక్కసారిగా సిరలోకి తోస్తే రక్తనాళాలు సడలి రక్తపోటు పడుతుంది, గుండెవేగం పెరుగుతుంది, ముఖం వెచ్చబడుతుంది, కడుపులో తిప్పుతుంది. నొప్పులు రాకముందే చేసే సిజేరియన్‌లో 1 యూనిట్ నెమ్మదిగా ఇచ్చి, ఆపై సెలైన్ ద్వారా కొనసాగించడం సరిపోతుందని, నొప్పులు సాగిన తరువాత చేసే సిజేరియన్‌లో 3 యూనిట్లు కనీసం అర నిమిషంపాటు ఇవ్వాలని 2019లో వెలువడిన మరొక అంతర్జాతీయ ఏకాభిప్రాయం తెలిపింది. 5 లేదా 10 యూనిట్లు ఒక్క ఊపులో ఇవ్వడం అలవాటైన చోట ఈ మార్పు సులభం కాదు, రక్తస్రావ భయం దానికి కారణం. ఆ భయం సహేతుకమే, ప్రసవానంతర రక్తస్రావం ప్రాణాంతకం. అయితే ఆక్సిటోసిన్ నెమ్మదిగా ఇవ్వడం అంటే ఇవ్వకపోవడం కాదు.

మెథైల్ ఎర్గోమెట్రిన్, కార్బోప్రోస్ట్ – ఈ రెండూ వాంతిని ఎక్కువగా కలిగిస్తాయి. రక్తస్రావం ఆగనప్పుడు వాడక తప్పదు. అవసరం లేనప్పుడు ముందుజాగ్రత్త పేరిట అందరికీ ఇవ్వడం వాంతిని కోరి తెచ్చుకోవడమే. వీటిని ఇవ్వబోతున్నట్టు శస్త్రవైద్యులు ముందుగా చెబితే మత్తువైద్యులు వాంతి నిరోధకాన్ని సిద్ధం చేసుకోగలరు. తెరకు ఆవలివైపున జరిగే పని తెరకు ఈవలివైపున ఉన్నవారికి మాటరూపంలో చేరవలసిందే.

శస్త్రవైద్యుల చేతిపని ప్రభావం కూడా తక్కువది కాదు. గర్భాశయాన్ని పొట్టనుండి బయటికి తీసి కుట్టడం, కడుపులో సెలైన్ పోసి కడగడం వికారాన్ని పెంచుతాయని కొన్ని అధ్యయనాలు తెలిపాయి. బయటికి తీస్తే కుట్టడం తేలిక గనుక ఆ పద్ధతిని పూర్తిగా వదలమనడం సబబు కాదు. తల్లి వికారపడుతున్నప్పుడు ఒక నిమిషం లాగడం ఆపడం మాత్రం ఎవరికీ భారం కాదు.

7. వాంతి నిరోధక మందులు:

పై చర్యలన్నీ తీసుకున్నాకే మందుల పాత్ర. పడిపోయిన రక్తపోటును వదిలి ఒండాన్‌సెట్రాన్ ఇంజక్షన్ ఇవ్వడం, పొయ్యి ఆర్పకుండా పొగకు కిటికీ తెరవడం వంటిది.

ఒండాన్‌సెట్రాన్ 4 మి.గ్రా. సిరద్వారా ఇవ్వడం అన్నిచోట్లా సాధ్యం. ఇది సెరొటోనిన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. వెన్నుమత్తుకు కొద్ది నిమిషాల ముందే ఇస్తే వికారంతోపాటు రక్తపోటు పతనం కూడా కొంత తగ్గుతుందని పలు పరీక్షలు సూచించాయి. గుండె లయలో ముందే లోపం ఉన్నవారికి జాగ్రత్త అవసరం. మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. శస్త్రచికిత్స సమయంలోని వికారానికి పనిచేస్తుందని 2012లో వెలువడిన సమీక్ష తెలిపింది. అరుదుగా దవడ, మెడ కండరాలు బిగుసుకుపోవడం దీని దుష్ఫలితం. డెక్సామెథసోన్ పనిచేయడానికి సమయం పడుతుంది గనుక అది శస్త్రచికిత్సలోని వికారానికి గాక తరువాతి గంటలకు ఉపయోగం. వెన్నులోకి మార్ఫిన్ ఇచ్చిన తల్లులకు ఇది ముఖ్యంగా పనికివస్తుంది. మెలకువగా ఉన్నవారికి వేగంగా ఎక్కిస్తే జననాంగాల వద్ద తీవ్రమైన దురద, మంట కలుగుతాయి. గర్భిణీదశలో మధుమేహం ఉన్నవారికి రక్తంలో చక్కెర పెరుగుతుంది.

ఎవరికి ఎన్ని మందులు? 1999లో అప్ఫెల్ రూపొందించిన అంచనాపద్ధతిలో నాలుగు అంశాలున్నాయి: స్త్రీ కావడం, పొగతాగకపోవడం, పూర్వం శస్త్రచికిత్స తరువాత వాంతులు గాని ప్రయాణంలో వాంతులు గాని ఉండడం, శస్త్రచికిత్స తరువాత నల్లమందు జాతి మందులు వాడడం. మన ప్రాంతపు గర్భిణులలో దాదాపు అందరికీ మొదటి రెండూ ఉంటాయి గనుక ఈ పద్ధతి వారిని విడదీసి చూపలేదు. దానికంటే ఒక ప్రశ్న ఎక్కువ ఉపకరిస్తుంది: "బస్సెక్కితే వాంతులైతయా అమ్మా?" అవునన్నవారికి, వెన్నులోకి మార్ఫిన్ ఇవ్వబోయేవారికి వేర్వేరు రీతులలో పనిచేసే రెండు మందులు కలిపి ఇవ్వడం సమంజసం. 2020లో వెలువడిన నాలుగవ ఏకాభిప్రాయ మార్గదర్శకాలు కూడా ప్రమాదాంశాలు ఉన్నవారికి ఒకటికంటే ఎక్కువ మందులు కలిపి వాడడాన్నే సమర్థించాయి. ముందే ఇచ్చిన మందు విఫలమైతే అదే మందును వెంటనే మళ్ళీ ఇవ్వకుండా వేరే తరగతి మందును ఎన్నుకోవాలి. ఈ మందుల ఒకటి రెండు మోతాదుల కారణంగా శిశువుకు పాలివ్వడం ఆపనక్కరలేదు.

మణికట్టు మడతకు మూడు వేళ్ళ పైన, రెండు నరాల మధ్య ఒత్తే పద్ధతిపై వచ్చిన ఫలితాలు మిశ్రమం. హాని లేదు గనుక తోడున్న స్టాఫ్‌నర్సు ఆ చోట ఒత్తిపట్టుకున్నా అభ్యంతరం లేదు. అల్లంపై జరిగిన పరీక్షలు చిన్నవి. బాలింతపథ్యంలో శొంఠికి ఉన్న గౌరవాన్ని శస్త్రచికిత్సాగారానికి తెచ్చేంత ఆధారం వాటిలో లేదు.

8. వార్డులో:

శస్త్రచికిత్స ముగిసి వార్డుకు చేరాక ఇంటిపెద్దలు అడిగే మొదటి ప్రశ్న "గ్యాస్ పోయిందా?" అన్నది. అంతవరకు బాలింతకు నీళ్ళు కూడా ఇవ్వరాదన్న నమ్మకం ఇళ్ళలోనే గాక కొన్ని వార్డులలో కూడా బలంగా ఉంది. వెన్నుమత్తుతో సాఫీగా జరిగిన సిజేరియన్ తరువాత మొదటి కొన్ని గంటలలోనే గుక్కగుక్కగా నీళ్ళు, ఆపై తేలికపాటి ఆహారం ఇవ్వడంవల్ల చిక్కులు పెరగవని, పేగుల కదలిక త్వరగా మొదలవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. చూయింగ్ గమ్ నమలడం కూడా ఇందుకు సాయపడుతుంది. పొద్దంతా నోరెండిన బాలింతకు ఒక్కసారిగా గ్లాసెడు నీళ్ళు ఇస్తే వాంతి అవుతుంది, అప్పుడు "చూశారా, ఇవ్వవద్దన్నాం గదా" అన్న మాట స్థిరపడిపోతుంది. తప్పు నీళ్ళది కాదు, ఆలస్యానిది, మోతాదుది.

నొప్పి కూడా వికారాన్ని పెంచుతుంది. పారాసెటమాల్, వ్యతిరేక సూచనలు లేనివారికి డైక్లోఫెనాక్ వంటివి నిర్ణీత వేళలకు ఇస్తే ట్రమడాల్ అవసరం తగ్గుతుంది. ట్రమడాల్ వాంతికి పేరుపడిన మందు. మంచంమీద నుండి తొలిసారి లేపేటప్పుడు ముందు కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి వేలాడదీసి, కొద్దిసేపు ఆగి నిలబెట్టాలి. ఒక్కసారి లేపితే కళ్ళు తిరిగి వాంతి రావచ్చు.

తల్లి ఫిర్యాదును కేస్‌షీట్‌లో రాసే పద్ధతి గురించి కూడా ఒక మాట. "వాంతి లేదు" అని రాసి ఉన్నచోట వికారం ఉందా లేదా అన్నది తెలియదు. కక్కితేనే లెక్కలోకి తీసుకుంటే, రాత్రంతా డోకుతో శిశువుకు పాలివ్వలేక పడుకున్న తల్లి ఆ కాగితంలో కనబడదు. వికారం ఎప్పుడు మొదలైంది, అప్పటి రక్తపోటు ఎంత, అంతకుముందు ఏ మందు ఇచ్చారు – ఈ మూడు వివరాలు ఒక వరుసలో రాస్తే తరువాతి విడత నర్సుకు, వైద్యునికి దారి దొరుకుతుంది.

ప్రతి వాంతినీ ఒకే గాటన కట్టరాదు. మత్తు ఇచ్చిన వెంటనే వికారంతోపాటు చేతివేళ్ళు తిమ్మిరెక్కి, మాట సన్నగిల్లి, ఊపిరి ఆడడంలేదని తల్లి అంటే మత్తు ప్రమాదకరమైన ఎత్తుకు ఎక్కుతున్నట్టు భావించి శ్వాసకు సాయం సిద్ధం చేయాలి. వార్డులో వాంతితోపాటు నాడి వేగం పెరిగి ముఖం పాలిపోతే లోపల రక్తస్రావం లేదని నిర్ధారించుకోవాలి. పొట్ట ఉబ్బి పచ్చని వాంతులు కొనసాగితే పేగుల కదలిక ఆగిందేమో చూడాలి. వాంతికి తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి తోడైతే ప్రసవమైపోయిందన్న ధీమాతో ఉండక గర్భవాతాన్ని అనుమానించాలి. ఒకటి రెండు రోజుల తరువాత కూర్చుంటే తలనొప్పి, వికారం వచ్చి, పడుకుంటే తగ్గిపోతున్నట్లయితే అది 1898లో బీయర్ అనుభవించినదే. సూది పడిన చోటునుండి వెన్నుద్రవం కారడం దానికి కారణం. అప్పుడు పిలవవలసింది మత్తువైద్యులనే. ఇంటికి వెళ్ళిన తరువాత ఈ లక్షణం కనిపించినా తిరిగి రావాలన్న సంగతి డిశ్చార్జి కాగితంమీద తెలుగులో రాసి, తల్లికీ, ఆమెతో వచ్చిన అత్తకో, అమ్మకో చదివి వినిపించాలి.